జీతం వస్తోంది, మనసు రావట్లేదు: పనిలో ఉత్సాహం, తృప్తి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగం చేసేవాళ్లూ, చేయించేవాళ్లూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. నా పక్షపాతం ముందే చెప్పేస్తాను. పనిలో ఉత్సాహం మనిషి పుట్టుకలో కన్నా, ఆ పనిని ఏర్పాటు చేసిన తీరులోనే ఎక్కువ ఉంటుందని నా నమ్మకం. అందుకని పొద్దున్నే ఐదింటికి లేవండి, అద్దంలో చూసి నవ్వండి లాంటి సలహాలు ఇక్కడ దొరకవు.

ఎవరైనా పనిచేసేది డబ్బు కోసమే కదా? ఇందులో ఇంత ఆలోచించేదేముంది?

మొదలుపెట్టేది డబ్బు కోసమే. రెండు నెలలు జీతం ఆగితే ఎంత ఇష్టమైన పనైనా ముల్లులా గుచ్చుకుంటుంది. కానీ కారణం డబ్బు ఒక్కటే అయితే, పని చెప్పకుండా అంతే డబ్బు చేతిలో పెడితే మనిషి ఇంకా సంతోషించాలి. బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శిబిరాల్లో రోహింగ్యా శరణార్థుల మధ్య కొందరు ఆర్థికవేత్తలు సరిగ్గా దీన్నే పరీక్షించి 2022లో ప్రచురించారు. కొందరికి చిన్నపాటి పని ఇచ్చి కూలి ఇచ్చారు. ఇంకొందరికి ఏ పనీ లేకుండా డబ్బు ఇచ్చారు. పని దొరికినవాళ్లలో దిగులు తగ్గింది, ఆరోగ్యం కూడా కాస్త కుదుటపడింది. ఊరికే డబ్బు అందుకున్నవాళ్లలో ఆ మార్పు కనబడలేదు. చివర్లో "పని లేకుండా డబ్బు కావాలా, డబ్బు లేకుండా పని కావాలా" అని అడిగితే, పనిచేసినవాళ్లలో 66 శాతం కొన్నాళ్లు ఉచితంగానైనా పనే చేస్తామన్నారు. చేతిలో చిల్లిగవ్వ లేని మనుషులు చెప్పిన మాట ఇది.

దీనికి చాలా ముందే, 1930ల మొదట్లో, ఆస్ట్రియాలోని మరీంటాల్ అనే ఊళ్లో బట్టల మిల్లు మూతబడి దాదాపు ఊరంతా నిరుద్యోగంలో పడింది. సామాజిక పరిశోధకురాలు మరీ యహోదా, ఆమె సహచరులు ఆ ఊరిని దగ్గరుండి గమనించారు. అందరికీ తీరికే తీరిక. అయినా లైబ్రరీలో పుస్తకాలు తీసుకునేవాళ్లు బాగా తగ్గిపోయారు. మగవాళ్లు వీధిలో నడిచే వేగం కూడా కొలిచారు, అది మందగించింది. ఆడవాళ్లు మాత్రం చకచకా నడిచేవారట. మిల్లు మూతబడినా వాళ్లకి ఇంటిపని మూతబడలేదు మరి!

అయితే జీతం పెంచితే తృప్తి పెరగదంటారా?

అసంతృప్తి తగ్గుతుంది. అసంతృప్తి తగ్గడం, తృప్తి పెరగడం ఒకటి కావని 1959లో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వవేత్త వాదించాడు. పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల సుమారు 200 మంది ఇంజినీర్లను, అకౌంటెంట్లను కూర్చోబెట్టి, పనిలో బాగా సంతోషపడ్డ సందర్భం ఒకటి, బాగా విసిగిపోయిన సందర్భం ఒకటి చెప్పమన్నాడు. విసుగు కథల్లో కంపెనీ నిబంధనలు, పైవాడి తీరు, జీతం, గది వసతులు వచ్చాయి. సంతోషం కథల్లో ఒక పని సాధించడం, ఎవరో గుర్తించడం, బాధ్యత దక్కడం, పని దానంతటదే ఆసక్తిగా ఉండడం వచ్చాయి. అంటే ఏసీ పనిచేయకపోతే చిరాకు పడతాం గానీ, ఏసీ పనిచేస్తోందని ఎవరూ ఉత్సాహంగా ఆఫీసుకి వెళ్లరు.

ఈ సిద్ధాంతానికి విమర్శకులు లేకపోలేదు. మనిషి స్వభావం ఎలాంటిదంటే, బాగా జరిగితే నా గొప్ప, చెడిపోతే కంపెనీ తప్పు. కాబట్టి కథలు చెప్పమంటే జవాబులు అలాగే వస్తాయని వాళ్ల అభ్యంతరం. నాకూ అందులో న్యాయం కనబడుతుంది. అయినా హైక్ వచ్చిన మూడు నెలలకే అది మామూలు జీతం అయిపోవడం ఎవరికి తెలియదు?

జీతం పెంచితే పనిజరిగిన ఉదాహరణ కావాలంటే హెన్రీ ఫోర్డ్‌ని చూడాలి. 1913లో అతని కార్ల ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైన్ వచ్చింది. రోజంతా ఒకే బోల్టు బిగించే పని. జనం తట్టుకోలేక పారిపోయారు. ఆ ఏడాది మానేసి వెళ్లినవాళ్ల లెక్క 370 శాతం, అంటే ఒక్కో చోటుకి ఏడాదిలో మూడు నాలుగు సార్లు కొత్త మనిషిని వెతుక్కోవాల్సి వచ్చింది. 1914 జనవరిలో ఫోర్డ్ రోజుకూలిని దాదాపు రెట్టింపు చేసి 5 డాలర్లన్నాడు, పనిగంటలు తొమ్మిది నుంచి ఎనిమిదికి తగ్గించాడు. మానేసేవాళ్లు ఒక్కసారిగా తగ్గారు. అయితే ఆ డబ్బు కొన్నది వాళ్ల ఓర్పునే. బోల్టు మీద ప్రేమ పుట్టలేదు.

నా పక్క సీటు వాడికి నాకన్నా ఎక్కువ ఇస్తున్నారని తెలిసింది. అప్పటి నుంచి పని మీద ధ్యాస లేదు. నాది కుళ్లుబోతుతనమా?

కాదు. మీలాంటి పరిస్థితినే ఆర్థికవేత్తలు ఎమిలీ బ్రెజా, సుప్రీత్ కౌర్, యోగితా శ్యామ్‌దాసానీ ఒడిశాలో 378 మంది కూలీలతో పరిశీలించి 2018లో ప్రచురించారు. ముగ్గురేసి చొప్పున జట్లు కట్టి, జట్టుకో వస్తువు తయారీ అప్పగించి నెలపాటు పని ఇచ్చారు. కొన్ని జట్లలో ముగ్గురికీ ఒకే కూలి. కొన్నిట్లో ఒకే పనికి కొద్దిపాటి తేడాలతో కూలి. తేడా ఉన్న జట్లలో తక్కువ అందుకున్నవాళ్ల ఉత్పత్తి 22 శాతం పడిపోయింది. హాజరు కూడా పడిపోయింది, అంటే వచ్చే కూలిని వదులుకుని మరీ ఇంట్లో కూర్చున్నారు. ఎక్కువ అందుకున్నవాడైనా ఉత్సాహంగా చేశాడా అంటే అదీ లేదు.

ఈ కథలో నాకు బాగా నచ్చిన భాగం ఇంకొకటుంది. ఎవరెంత చేస్తున్నారో కళ్లకి కనబడే పనుల్లో, ఎక్కువ కూలి తీసుకుంటున్నవాడు నిజంగానే ఎక్కువ చేస్తున్నప్పుడు, మిగతావాళ్లు ఏమీ నొచ్చుకోలేదు. జనం తేడాని భరిస్తారు. కారణం తెలియని తేడాని భరించలేరు. మన ఆఫీసుల్లో జీతాలు ఎవరికీ చెప్పొద్దని గట్టిగా సంతకాలు తీసుకుంటారు, కారణాలు మాత్రం ఎవరికీ చెప్పరు. కాబట్టి మీరు అడగాల్సింది "వాడికెంత ఇస్తున్నారు" అని కాదు. "ఆ స్థాయికి రావాలంటే నా దగ్గర ఏం చూస్తారు" అని మేనేజర్‌ని అడగండి. సూటిగా జవాబు రాకపోతే అదే మీకు జవాబు.

బోనస్, ఇన్సెంటివ్ పెడితే పని పెరుగుతుందా?

దీనికి ప్రపంచంలోనే మంచి ఉదాహరణల్లో ఒకటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. 2005లో మొదలై, ఐదు జిల్లాల్లోని గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఒక పెద్ద ప్రయోగం నడిపారు. రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు దీని వెనక ఉన్నాయి. వంద బడుల్లో ఒక్కో టీచర్‌కి తన పిల్లల మార్కులు ఎంత మెరుగుపడితే అంత బోనస్. ఇంకో వంద బడుల్లో బడి మొత్తానికి కలిపి బోనస్. మరో వందలో ఏమీ లేదు, పోల్చి చూడ్డానికి.

బోనస్ ఏమంత పెద్దది కాదు, సగటున ఏడాది జీతంలో 3 శాతం. అయినా రెండేళ్లు తిరిగేసరికి బోనస్ బడుల పిల్లలు లెక్కల్లో, భాషలో స్పష్టంగా ముందుకెళ్లారు. లెక్కల సంగతే చూస్తే, వందమందిలో సరిగ్గా మధ్యలో ఉన్న పిల్ల సుమారు పది మందిని దాటి ముందుకొచ్చినంత తేడా. బోనస్‌తో సంబంధమే లేని సైన్సు, సోషల్ కూడా మెరుగయ్యాయి. మొదటి ఏడాది వ్యక్తిగత బోనస్, ఉమ్మడి బోనస్ సమానంగా పనిచేశాయి గానీ రెండో ఏడాదికి వ్యక్తిగతమే ముందుంది.

అసలు విషయం ఇప్పుడు. టీచర్ల హాజరు పెరిగిందా? లేదు. రానివాళ్లు అప్పుడూ రాలేదు. మారింది వచ్చినవాళ్లు చేసిన పని. అదనపు తరగతులు తీసుకున్నారు, హోంవర్క్ ఇచ్చారు, పరీక్షలకి సాధన చేయించారు, వెనకబడ్డ పిల్లల్ని పట్టించుకున్నారు. ఈ కొలమానం తెలివిగా పెట్టారనేది నా అభిప్రాయం. ఎన్ని మార్కులొచ్చాయన్నది కాకుండా ఎంత మెరుగుపడ్డారన్నది చూడ్డంతో, బలహీనమైన పిల్లల్ని వదిలేసి తెలివైనవాళ్ల వెంట పడాల్సిన అవసరం లేకపోయింది. టీచర్ చేతిలో ఉన్నదాన్నే కొలిచారు. తన చేతిలో లేనిదానికి బోనస్ కడితే, ఉదాహరణకి మొత్తం కంపెనీ షేరు ధరకి కడితే, అది జీతం కాదు, లాటరీ.

మరి ఎంత పెద్ద బోనస్ పెడితే అంత మంచిదా?

కాదు. మదురై దగ్గర పల్లెల్లో గురి, జ్ఞాపకశక్తి లాంటివి అవసరమయ్యే ఆటలు పెట్టి చూశారు. కొందరికి చిన్న బహుమతి, కొందరికి మధ్యరకం, కొందరికి నెలల తరబడి ఇంటిఖర్చు గడిచిపోయేంత పెద్ద మొత్తం. పెద్ద మొత్తం పందెంలో ఉన్నవాళ్లే అందరికన్నా అధ్వానంగా ఆడారు. చేతులు వణుకుతాయి కదా. టార్గెట్ నెలాఖరున అమ్మకాలవాళ్ల గొంతు వింటే మీకే తెలుస్తుంది.

ఇష్టంగా చేసే పనికి ముందే బహుమతి ప్రకటిస్తే ఆ ఇష్టం సన్నగిల్లే ప్రమాదమూ ఉంది. 1973లో మార్క్ లెప్పర్ బృందం బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లల్లో దీన్ని చూపించింది. గీస్తే బహుమతి ఇస్తామని చెప్పించుకున్న పిల్లలు, తర్వాత బహుమతి లేనప్పుడు స్కెచ్ పెన్నుల జోలికి తక్కువ వెళ్లారు.

మా మేనేజర్ ఏడాదికోసారి మోటివేషనల్ స్పీకర్‌ని పిలిపిస్తాడు. ఉపయోగముందా?

స్పీకర్‌కి ఉంది.

కొందరు పుట్టు బద్ధకస్తులు కదా? వాళ్లని ఎవరు మార్చగలరు?

బద్ధకంలా కనబడేదంతా బద్ధకం కాదు. షికాగో దగ్గర వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్ల హాథార్న్ ఫ్యాక్టరీలో 1931-32లో టెలిఫోన్ పరికరాలకి తీగలు బిగించే 14 మంది మగవాళ్లని నెలల తరబడి గమనించారు. ఎంత ఎక్కువ చేస్తే అంత డబ్బు వచ్చే పద్ధతి ఉంది. అయినా రోజుకి ఇంతే అని తమలో తాము ఒక లెక్క పెట్టుకుని అక్కడ ఆపేసేవారు. ఎవడైనా దూకుడుగా చేస్తే పక్కవాడు వచ్చి భుజం మీద ఒక్కటి గుద్దేవాడు. నెమ్మదించమని అర్థం. ఎందుకంటే, ఎక్కువ చేసి చూపిస్తే యాజమాన్యం రేటు తగ్గిస్తుందని, లేదా నలుగుర్ని పీకేస్తుందని భయం.

మన దగ్గరా అంతే. పని తొందరగా ముగించినవాడికి బహుమతిగా దొరికేది మరింత పని. రెండుసార్లు అలా జరిగితే ఎవరైనా గురువారానికి అయిపోయిన ఫైలుని సోమవారం దాకా సొరుగులో ఉంచుతారు. అది తెలివి.

మాస్లో పిరమిడ్ ప్రకారం...

అబ్రహం మాస్లో అనే మనస్తత్వవేత్త 1943లో మనిషి అవసరాల వరుస గురించి రాశాడు గానీ పిరమిడ్ బొమ్మ ఆయన గీసింది కాదు, తర్వాత మేనేజ్‌మెంట్ పాఠాలవాళ్లు తగిలించారు. కడుపు నిండాకే గౌరవం కావాలనిపిస్తుందన్న మెట్ల వరుస కూడా మనుషుల్లో అంత క్రమంగా కనబడదు. రోజుకూలీకి వెళ్లేవాళ్లు కూడా మేస్త్రీ నోరు మంచిది కాదని పని మానేస్తారు, ఆ రోజు ఇంట్లో బియ్యం ఉన్నాయో లేవో చూసుకోకుండానే.

రోజూ ఒకే పని చేసేవాళ్లకి తృప్తి ఎక్కణ్ణుంచి వస్తుంది?

తన పని ఎవరికి చేరుతోందో కనబడితే వస్తుంది. ఆడమ్ గ్రాంట్ అనే మనస్తత్వవేత్త అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం తరఫున ఫోన్లు చేసి విరాళాలు అడిగే ఉద్యోగుల్ని పరిశీలించాడు. ఎంత విసుగుపుట్టించే పనో ఊహించుకోండి, రోజంతా వద్దని చెప్పించుకోవడమే. కొందరికి ఆ విరాళాలతో స్కాలర్‌షిప్ పొందిన ఒక విద్యార్థితో కొద్ది నిమిషాలు మాట్లాడే అవకాశం కల్పించాడు. నెల తర్వాత వాళ్లు ఫోన్ మీద గడిపే సమయం 142 శాతం, తెచ్చిన విరాళం 171 శాతం పెరిగాయి. అలాంటి విద్యార్థి రాసిన ఉత్తరం మాత్రమే చదివినవాళ్లలో మార్పు లేదు. మనిషి ఎదురుగా కూర్చుంటేనే పనిచేసింది.

ఆసుపత్రి శుభ్రం చేసేవాళ్ల మీద అమెరికాలో జరిగిన ఇంకో అధ్యయనంలో, ఒకే పని, ఒకే జీతం ఉన్న కార్మికులు రెండు రకాలుగా తేలారు. కొందరు "నేల తుడుస్తాం" అన్నారు. ఇంకొందరు రోగులు కోలుకోడానికి సాయపడుతున్నామన్నారు. ఆ రెండో రకంలో ఒకామె కోమాలో ఉన్నవాళ్ల గదుల్లో గోడ మీది పటాలని అప్పుడప్పుడు అటూ ఇటూ మార్చేదట. ఏమో, చుట్టూ ఏదో మారితే మెదడుకి మంచిదేమోనని. అది ఆమె డ్యూటీలో లేదు.

ఈ ఉదాహరణని యాజమాన్యాలు తెగ వాడేసుకుంటాయి, జాగ్రత్త. "మీది సేవ" అని పొగిడి జీతం ఎగ్గొట్టడం ఎక్కడైనా జరిగేదే. గౌరవవేతనం అనే మాట వినబడితే ఆశా కార్యకర్తలకి, అంగన్‌వాడీ టీచర్లకి ఒళ్లు మండేది అందుకే.

నచ్చిన పనైతే తక్కువ జీతమైనా సర్దుకుపోవచ్చా?

మగ్గం వైపు చూడండి. మంచి పనికి ఏమేం ఉండాలో హ్యాక్‌మన్, ఓల్డ్‌హామ్ అనే ఇద్దరు 1970ల్లో ఒక పట్టిక ఇచ్చారు: రకరకాల నైపుణ్యాలు వాడాలి, పని మొదటి నుంచి చివరి దాకా తన చేతిమీదుగా పూర్తవాలి, అది ఎవరికో ఉపయోగపడాలి, ఎలా చేయాలో నిర్ణయించే స్వేచ్ఛ ఉండాలి, ఎలా వచ్చిందో వెంటనే తెలియాలి. పోచంపల్లి, పుట్టపాక చిటికి (ఇక్కత్) చీర ఈ ఐదింటిలో చాలావాటికి సరిపోతుంది. నూలుకి ముందే ముడులు కట్టి, రంగులు అద్ది, మగ్గం మీద పడ్డాక బొమ్మ కుదిరిందా లేదా అన్నది అంగుళం అంగుళానికీ కళ్లముందు కనబడుతుంది. చెయ్యి తిరిగిన నేతగాడి గర్వం మామూలుగా ఉండదు. మరి వాళ్ల పిల్లలు మగ్గం ఎక్కట్లేదెందుకు? 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో మూడింట రెండు వంతుల నేత కుటుంబాల ఆదాయం నెలకి 5000 రూపాయల లోపే. తృప్తితో ఫీజులు కట్టలేం.

దానికి తోడు మగ్గం వెనక కనబడని చాకిరీ ఉంది. ఆసు పోయడమంటే, అర్ధచంద్రాకారంలో వరసగా ఉన్న మేకుల చుట్టూ పోగుని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ పోవడం. ఒక్క చీరకి చెయ్యి సుమారు 9000 సార్లు ఊగాలి, నాలుగైదు గంటలు. ఎక్కువగా ఇది ఇంట్లో ఆడవాళ్ల పని. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి భుజం నొప్పితో ఇక చేయలేనంది. బడి చదువు మధ్యలో ఆపేసిన ఆ కుర్రాడు ఏళ్ల తరబడి, ఊరివాళ్లు నవ్వుతున్నా, ఆసు యంత్రం కోసం తంటాలు పడి 1999లో సాధించాడు. దానికి లక్ష్మి ఆసు యంత్రమని తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఏ కంపెనీ అయినా అంత ఉత్సాహాన్ని కొనగలదా? అతను చేసిందల్లా పనిలో నొప్పి ఉన్న చోటుని పట్టుకోవడం. చేనేత బతకాలంటే "కళ మీద ప్రేమ" ఉపన్యాసాలకన్నా కూలి పెరగడం, నొప్పి తగ్గడం ముఖ్యమని నా ఉద్దేశం.

ప్రభుత్వ ఉద్యోగమంటే మనవాళ్లకి అంత మోజెందుకు? హైదరాబాద్ అశోక్‌నగర్‌లో, కోచింగ్ కోసం తీసుకున్న గదుల్లో ఏళ్లకేళ్లు గడిపేస్తారు.

పని మీద మోజు కాదది, నెల మొదట్లో జీతం పడుతుందన్న భరోసా మీద మోజు. పెళ్లిచూపుల్లో దాని విలువ వేరే చెప్పాలా. ఇందులో తప్పుపట్టేదేమీ లేదు, భద్రత కూడా పనిచేయడానికి కారణమే. కాకపోతే ఏళ్ల తరబడి పరీక్షకే తయారవుతారు, ఉద్యోగం వచ్చాక రోజంతా ఏం చేయాలో ఒక్కసారీ కనుక్కోరు. గ్రూప్స్ రాసేవాళ్లు కనీసం ఒక డిప్యూటీ తహసీల్దార్‌తో అరపూట కూర్చుని చూస్తే బాగుండు.

అమెరికాలో ఉన్నాను. జీతం బాగుంది, పని అస్సలు నచ్చట్లేదు. నాకే ఎందుకిలా?

మీకొక్కరికే కాదు. హెచ్-1బీ వర్క్ వీసా మీద ఉన్నవాళ్లు ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, లేదా దేశం వదలాలి. కావాలంటే మానేయగలను అన్న ధీమా ఉన్నవాడికి పనిలో చిన్న చిరాకులు చిన్నవిగానే ఉంటాయి. మానేయలేనివాడికి అవే కొండంత. మనస్తత్వవేత్తలు ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయన్ మనిషి ఉత్సాహానికి కావాలని చెప్పే మూడు అవసరాల్లో మొదటిది ఈ స్వేచ్ఛే. మిగతావి నేర్పు, తోటివాళ్లతో అనుబంధం. వీసా మీ చేతిలో లేదు. మిగతా రెండూ కొంతవరకైనా ఉన్నాయి, వాటి మీద దృష్టి పెట్టండి.

ఇంటి నుంచి పనిచేయనిస్తే జనం ఉద్యోగంలో నిలుస్తారా?

వారంలో కొన్ని రోజులు ఇస్తే నిలుస్తారు. చైనాలోని ట్రిప్ డాట్ కామ్ అనే ప్రయాణాల కంపెనీలో 1612 మందితో చేసిన ప్రయోగం 2024లో వచ్చింది. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసినవాళ్లలో మానేసేవాళ్లు మూడోవంతు తగ్గారు, పని నాణ్యత ఏమీ దిగజారలేదు. హైదరాబాద్‌లో మియాపూర్ నుంచి గచ్చిబౌలికి వర్షంలో వెళ్లినవాళ్లకి ఈ ఫలితం కొత్తేమీ కాదు.

ఇంటిపనికి ఇవన్నీ వర్తిస్తాయా?

వర్తిస్తాయి, అందుకే అది అంత అలసట. జీతం లేదు, ముగింపు లేదు, కూర బాగుంటే ఎవరూ మాట్లాడరు, ఉప్పెక్కువైతే అందరూ మాట్లాడతారు.

నాకు చిన్న టిఫిన్ సెంటర్ ఉంది. దోశ మాస్టర్ ఆరు నెలలకొకడు మారిపోతున్నాడు. నేనేం చేయాలి?

ముందు పక్క వీధిలో ఎంత ఇస్తున్నారో కనుక్కోండి. అంతకన్నా తక్కువ ఇస్తూ మిగతావి ఎన్ని చేసినా దండగ. తర్వాత వారానికో సెలవు, అదీ ఫలానా రోజని ముందే తెలిసేలా. పెనం దగ్గర ఫ్యాను, లేదా పొగ బయటికి పోయే ఏర్పాటు. ఆరు గంటల పాటు ఆ సెగలో మీరొకసారి నిలబడి చూస్తే ఇది ఎంత అవసరమో మీకే తెలుస్తుంది. కస్టమర్ల ముందు తిట్టడం మానండి, తిట్టాల్సి వస్తే షట్టరు దించాక.

ఇవి అయ్యాక అసలు పనికొచ్చేది చెప్తాను. పిండి ఎంత పులియాలి, ఏ చట్నీ ఎప్పుడు, ఆదివారం స్పెషల్ ఏంటి అన్నవాటిలో ఒక్కటైనా పూర్తిగా అతనికి వదిలేయండి, మధ్యలో వేలు పెట్టకండి. పెనాన్ని గోడవైపు కాకుండా బల్లల వైపు తిప్పండి, తినేవాళ్ల మొహాలు అతనికి కనబడాలి. ఇప్పుడున్న మాస్టర్ కూడా సంచి సర్దుకునే దాకా ఆగకుండా, ఈ వారమే మధ్యాహ్నం గిరాకీ తగ్గాక టీ ఇచ్చి కూర్చోబెట్టి, ఇక్కడ ఏది మారిస్తే ఉంటావని అడగండి. మూడు విషయాలు చెప్తే, పదిరోజుల్లో ఒకటైనా మార్చి చూపించండి.